కొత్త బండి ఇంజన్ సెట్ కావడం: నలభై దాటకూడదన్న మాటలో నిజమెంత?

మీ ప్రశ్నను ముందు నాకు అర్థమైనట్టు చెబుతాను. హనుమకొండలో కొత్త 125 సీసీ బైకు తీసుకున్నారు. వెయ్యి కిలోమీటర్లు తిరిగేదాకా వేగం గంటకు నలభై కిలోమీటర్లు దాటవద్దని షోరూమ్ వారు చెప్పారు. వారం రోజులు పొద్దున్నే అరగంట సేపు స్టార్ట్ చేసి ఉంచితే ఇంజన్ సెట్ అవుతుందని మీ మేనమామ అన్నారు. మొదటి రోజే హైదరాబాద్ రోడ్డెక్కించి ఎనభై, తొంభైలో లాగితేనే ఎప్పటికీ పికప్ ఉంటుందని మీ స్నేహితుడు పట్టుబడుతున్నాడు. ఈలోగా ఇంట్లో వాళ్లేమో వచ్చే మంగళవారం కొండగట్టుకు వెళ్లి బండికి పూజ చేయించాలంటున్నారు. ఎవరి మాట వినాలన్నది మీ సందేహం.

మేనమామగారి మాటను గౌరవంగా పక్కన పెట్టండి. షోరూమ్ వారి మాటలో సగం నిజముంది, స్నేహితుడి మాటలో పావు వంతు ఉంది. ఆ సగమూ పావూ ఏవో తేల్చాలంటే బోరు లోపలికి, అంటే పిస్టన్ ఆడే సిలిండర్ లోపలికి తొంగిచూడాలి. వరంగల్‌లో ఇంజన్లు విప్పి, బోరు చేయించి (అరిగిన సిలిండర్ గోడను మళ్లీ కోయించి), తిరిగి కట్టే పని నాది. బోరుకు వచ్చిన బండ్లను రోజూ చూస్తుంటాను కాబట్టి కొంచెం వివరంగానే రాస్తున్నాను.

ఫ్యాక్టరీలో సిలిండర్ లోపలి గోడను అద్దంలా నున్నగా చేసి వదలరు. నున్నగా కోశాక హోనింగ్ రాళ్లతో దాని మీద కావాలనే సన్నటి గీతలు పెడతారు. ఒకదాన్నొకటి ఏటవాలుగా కోసుకుంటూ పోయే గీతలవి. కొత్త సిలిండర్ బ్లాకును వెలుతురుకు పట్టి చూస్తే గోడంతా వల పరచినట్టు కనిపిస్తుంది. ఆ గీతల లోతుల్లో ఆయిల్ నిలుస్తుంది. గీతల మధ్య ఉన్న సన్నటి మొనలను పిస్టన్ చుట్టూ గాడుల్లో కూర్చునే రింగులు మెల్లగా అరగదీస్తాయి, ఆ క్రమంలో తామూ కొద్దిగా అరుగుతాయి. రింగు అంచు ఆ గోడ వంపుకు చుట్టూ ఒకేలా ఆనుకున్నప్పుడే లోపలి మంట ఒత్తిడి కిందికి జారదు, కింది ఆయిల్ పైకి రాదు. ఇంజన్ సెట్ కావడమంటే ప్రధానంగా ఇదే. కొత్త రోట్లో ముందు ఊక వేసి రుబ్బి, రోలూ పొత్రమూ ఒకదానికొకటి కుదిరాకే పప్పు వేసినట్టు అనుకోండి. గేర్ల పళ్లు, బేరింగులు, క్లచ్ ప్లేట్లు, వాల్వులు కూడా ఈ రోజుల్లోనే కుదురుకుంటాయి. కానీ అవి పెద్దగా ఇబ్బంది పెట్టవు. తర్వాత పశ్చాత్తాపపడేలా చేసేవి రింగులే.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటి ఉంది. రింగును గోడకు నొక్కేది దాని స్ప్రింగు బలం ఒక్కటే అనుకుంటారు. ఆ బలం చాలా తక్కువ. పెట్రోలు మండినప్పుడు పుట్టే గ్యాసు ఒత్తిడి రింగు పైనుంచి దాని వెనక గాడిలోకి దూరి, దాన్ని బయటికి తోస్తుంది. ముఖ్యంగా పై రింగు గోడకు గట్టిగా ఆనేది ఆ తోపుతోనే. మీరు యాక్సిలరేటర్ తిప్పేకొద్దీ, ఇంజన్ మీద బరువు పడేకొద్దీ ఆ ఒత్తిడి పెరుగుతుంది. బండి స్టాండు మీద ఊరికే తిరుగుతుంటే ఆ ఒత్తిడి దాదాపు లేనట్టే.

అందుకే మేనమామగారి పద్ధతి పనికిరాదన్నాను. పొద్దున్నే అరగంట సేపు స్లోలో వదిలేస్తే రింగులు గోడకు సరిగ్గా ఆనవు. వాటిని దాటి పైకి వచ్చిన ఆయిల్ వేడికి కాలి, గీతల్లో లక్క పూతలా గట్టిపడుతుంది. దాన్ని మేము గ్లేజింగ్ అంటాం. అలాంటి బ్లాకు విప్పి చూపిస్తే కస్టమరుకు ముచ్చటేస్తుంది: 'లోపలంతా ఎంత మెరుస్తోందో చూడండి, దీనికి బోరు ఎందుకు?' అంటారు. ఆ మెరుపే జబ్బు. గోరుతో గీరితే ఎక్కడా గీత తగలదు, వేలు జారిపోతుంది. గీతలు పూడుకుపోయాయి, ఆయిల్ నిలవడానికి చోటు లేదు, రింగు కుదరడానికి మొనలు లేవు. ఆ తర్వాత ఎంత వేగంగా తిప్పినా ప్రయోజనం ఉండదు. విప్పి మళ్లీ హోనింగ్ చేయించి కొత్త రింగులు వేయాల్సిందే. బండి చూడటానికి కొత్తదే, సైలెన్సర్ నుంచి నీలి పొగ మాత్రం పాత లారీలా వస్తుంటుంది. గాలితో చల్లబడే ఇంజన్‌కు ఇంకో ఇబ్బంది కూడా ఉంది. నిలిచిన బండికి ఎదురుగాలి ఉండదు. మన ఎండాకాలంలో పొద్దున పది దాటాక నిలబెట్టి ఇంజన్ తిప్పుతూ ఉండటమంటే ఊరికే ఉడకబెట్టడమే.

ఈ అలవాటు మెకానిక్కుల్లోనూ ఉంది. బోరు చేయించి కట్టిన ఇంజన్ ముందు టేబుల్ ఫ్యాను పెట్టి, రెండు గంటలు స్లోలో తిప్పి, 'సెట్ చేశాం, తీసుకెళ్లండి' అనేవాళ్లున్నారు. కస్టమరుకు ఎంతో శ్రద్ధగా కనిపిస్తుంది. ఆ రెండు గంటలూ ఇంజన్‌కు నష్టమే.

ఇక నలభై సంగతి. ఈ అంకె ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఇంజన్ మీద ఎక్కువ వేడి, ఎక్కువ వేగం పడకుండా ఉండటానికి కొనేవారందరికీ ఒక్క ముక్కలో చెప్పాలంటే షోరూమ్ కుర్రాడికి అంతకంటే సులువైన దారి లేదు. టూ స్ట్రోక్ కాలంలో ఇది ఇంకా గట్టిగా చెప్పేవారు. చేతక్ స్కూటర్‌కు పెట్రోలులోనే ఆయిల్ కలిపి పోసేవాళ్లం, ఆ కలిపిన ఆయిలే లోపలి లోహానికి రక్ష. అప్పట్లో కొత్త బండిని ఆపకుండా గట్టిగా లాగితే పిస్టన్ ఉబ్బి బోరులో పట్టేసి, నడిరోడ్డు మీద వెనక చక్రం బిగుసుకుపోయేది. యమహా ఆర్‌ఎక్స్ 100 నడిపినవారిని అడగండి, కథలు కథలుగా చెబుతారు. ఆ భయమే తరాలు దాటి నలభై రూపంలో నిలిచింది.

మీ బండితో వచ్చిన మాన్యువల్ తెరిచి చూడండి. చాలా కంపెనీలు ఇప్పుడు ఒకే వేగం చెప్పి వదిలేయవు. హోండా మాన్యువళ్లు మొదటి 500 కిలోమీటర్లు ఫుల్ యాక్సిలరేటర్‌తో బయలుదేరవద్దని, ఒక్కసారిగా వేగం పెంచవద్దని, గట్టి బ్రేకులూ గబగబా గేర్లు దించడమూ వద్దని చెబుతాయి. యమహా పాత మాన్యువళ్లయితే కిలోమీటర్ల వరుసలో యాక్సిలరేటర్ ఎంతవరకు తిప్పవచ్చో చెప్పేవి: మొదట మూడో వంతు, తర్వాత సగం, ఆ తర్వాత ముప్పావు. గంట నడిపాక అయిదు పది నిమిషాలు ఆపి చల్లార్చమనేవి. రెంటిలోనూ పట్టించుకున్నది యాక్సిలరేటర్‌నూ ఇంజన్ మీద పడే బరువునూ. మీటరు ముల్లు ఎక్కడుందన్నది ఆ తర్వాతి మాట. మీ బండి మాన్యువల్‌లో స్పష్టమైన హద్దు ఉంటే నేను రాసినదానికంటే దానికే విలువ ఇవ్వండి, వారంటీ వాళ్లది.

నలభై నియమాన్ని అక్షరాలా పాటించేవారు ఎక్కడ దెబ్బతింటారో చూడండి. కరీంనగర్ రోడ్డెక్కుతారు, టాప్ గేరు వేస్తారు, ముప్పై అయిదు నలభై మధ్య ముల్లును కదలనివ్వకుండా హుజూరాబాద్ దాకా వెళతారు. ఆ వేగంలో టాప్ గేరు ఇంజన్‌కు బరువు. చిన్న ఎత్తు వచ్చినా యాక్సిలరేటర్ ఇంకాస్త తిప్పుతారు, గేరు మాత్రం దించరు. ట్యాంకు కింద గుడగుడమని కొట్టుకుంటున్నా, హ్యాండిల్ వణుకుతున్నా 'నలభై దాటలేదు కదా' అన్న ధీమా. ఇంజన్ నెమ్మదిగా తిరుగుతూ పెద్ద బరువు మోస్తున్నప్పుడు బేరింగుల మీద, పిస్టన్ మీద దెబ్బలు గట్టిగా పడతాయి, ఆయిల్ పంపు కూడా నెమ్మదిగానే తిరుగుతుంటుంది. అదే నలభైలో మూడో గేరులో వెళ్లి ఉంటే ఇంజన్ హాయిగా తిరిగేది. కొత్త ఇంజన్‌కు అన్నిటికంటే చెడ్డది ఏదంటే టాప్ గేరులో నలభై అంటాను నేను. ఇది నచ్చనివారు చాలామంది ఉన్నారు, కానీ నా మాట ఇదే.

మీ స్నేహితుడి దగ్గరకు వద్దాం. బరువు పడితేనే రింగులు ఆనుతాయన్న మాట నిజం, అది అతని పావు వంతు. దానికి తోడు ఇప్పటి ఫ్యాక్టరీల్లో హోనింగ్ చాలా మెరుగైంది. గీతల మొనలను అక్కడే చాలావరకు చదును చేసి పంపుతున్నారు, అందువల్ల రింగులు కుదరడానికి పట్టే సమయమూ తగ్గింది. ఆ పనిలో ఎక్కువ భాగం మొదటి వందల కిలోమీటర్లలోనే జరిగిపోతుంది. కానీ బరువు వేయడం వేరు, గంట సేపు తొంభైలో ఉంచడం వేరు. 125 సీసీ ఇంజన్‌కు తొంభై అంటే దాని శక్తి చాలావరకు వాడేసినట్టే. కొత్త మొనలు అరిగేటప్పుడు రాపిడి వల్ల అదనపు వేడి పుడుతుంది. పిస్టన్‌కూ గోడకూ మధ్య ఖాళీ మిల్లీమీటరులో వందో వంతుల్లో లెక్క. అల్యూమినియం పిస్టన్ వేడికి బోరు కంటే ఎక్కువ వ్యాకోచిస్తుంది. ఆ వేడి తగ్గే అవకాశం ఇవ్వకుండా రఘునాథపల్లి, జనగామ, ఆలేరు అని ఆపకుండా లాగితే పిస్టన్ పక్కన నిలువు గీతలు పడతాయి. అవి హోనింగ్ గీతల్లా పనికొచ్చేవి కావు, లోపలి ఒత్తిడి (కంప్రెషన్) జారిపోయే దారులు. నా దగ్గర బల్ల మీద అలాంటి పిస్టన్లు కొన్ని ఉంచుకున్నాను, వాదించేవారికి చూపించడానికి.

సరే, మరి ఎలా నడపాలి?

పొద్దున స్టార్ట్ చేశాక అరనిమిషం, మహా అయితే నిమిషం ఆగండి. హెల్మెట్ పెట్టుకుని, గేటు మూసి వచ్చేసరికి అది గడిచిపోతుంది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 (పొగ కాలుష్య ప్రమాణం) బండ్లలో చాలావాటికి పెట్రోలును కొలిచి చిమ్మే ఇంజెక్షన్ ఉంది కాబట్టి చల్లగా ఉన్నప్పుడు కావలసిన పెట్రోలు అదే సర్దుకుంటుంది. మీరు రేజ్ చేయాల్సిన పని లేదు. అసలు వేడెక్కడం నడుస్తూనే జరగాలి. మొదటి రెండు మూడు కిలోమీటర్లు మెత్తగా వెళ్లండి. పిస్టన్‌ను ఫ్యాక్టరీలో కచ్చితమైన గుండ్రంగా చేయరు. చల్లగా ఉన్నప్పుడు కొంచెం కోలగా, పైభాగం కొంచెం సన్నగా ఉంటుంది, వేడెక్కాకే బోరుకు సరిపోయే ఆకారం వస్తుంది. ఆ ఆకారం రాకముందే యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పడం కొత్త బండికే కాదు, పాత బండికీ మంచిది కాదు.

వేడెక్కిన తర్వాత మీ పనల్లా వేగం మారుస్తూ ఉండటమే. రెండో గేరులోకి వచ్చాక మెత్తగా మొదలుపెట్టి సగం యాక్సిలరేటర్‌తో కొంచెం లాగండి, మూడు వేయండి, మళ్లీ లాగండి, తర్వాత యాక్సిలరేటర్ వదిలి బండిని దానంతట దాన్ని తగ్గనివ్వండి. లాగినప్పుడు రింగులు గోడకు ఒత్తుకుంటాయి. వదిలినప్పుడు సిలిండర్‌లో లాగుడు ఏర్పడి గోడ మీదికి కాస్త ఆయిల్ చేరుతుంది, అరిగిన చోట చల్లబడుతుంది. ఈ ఎక్కుడు దిగుడే మందు. మీటరులో ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) కనిపిస్తుంటే మొదటి మూడు నాలుగు వందల కిలోమీటర్లు నాలుగు వేలకు అటూ ఇటూ ఉండండి, అప్పుడప్పుడు నాలుగున్నర దాకా వెళ్లినా భయం లేదు. ఆ తర్వాత అయిదు, అయిదున్నర వేలు. ఎనిమిది వందలు దాటాక, ఇంజన్ బాగా వేడిగా ఉన్నప్పుడు ఆరు వేల దాకా కొన్ని క్షణాలు తీసుకెళ్లి వదిలేయండి. 125 సీసీ బండ్లు ఎక్కువ భాగం ఏడున్నర వేల దగ్గర పూర్తి శక్తినిస్తాయి కాబట్టి ఈ లెక్క చెబుతున్నాను. మీది వేరే తరహా ఇంజన్ అయితే అంకె మారుతుంది, సూత్రం మారదు. ఆర్‌పీఎం మీటరు లేకపోతే చెవిని నమ్మండి. గుడగుడ వినబడితే గేరు దించాలి, కీచుగా అరుస్తుంటే గేరు పెంచాలి, రెంటికీ మధ్య నున్నగా మోగే చోట ఉండాలి. ఆ చోటు అయిదో గేరులో నలభై అయిదు, యాభై దగ్గర ఉండవచ్చు. అంటే నలభై దాటారన్నమాట, ఏమీ కాదు.

దీనికి రోడ్డు ఎంచుకోవడం సగం పని. చౌరస్తా నుంచి నయీంనగర్ దాకా సాయంకాలపు రద్దీలో సగం క్లచ్ మీద పాకడం కొత్త ఇంజన్‌కూ, కొత్త క్లచ్ ప్లేట్లకూ పనికిరాదు. ఖాళీగా సాఫీగా ఉన్న హైవే కూడా పనికిరాదు, అక్కడ చేయి ఒకే చోట ఆగిపోతుంది. నేనైతే ములుగు రోడ్డు చెబుతాను. ఆత్మకూరు, గూడెప్పాడ్ దాటి ములుగు వైపు వెళుతుంటే మధ్యలో ఊళ్లు, స్పీడ్ బ్రేకర్లు, ఆర్టీసీ బస్సు వెనక ఆగడం, దాటాక కాస్త లాగడం, రోడ్డే మీ చేత గేర్లు మార్పిస్తుంది. వీలున్న ఆదివారం పొద్దున్నే బయలుదేరితే రామప్ప చూసి, ఇంజన్ చల్లారాక తిరిగి రావచ్చు. నర్సంపేట మీదుగా పాకాల చెరువు దారి కూడా ఇలాంటిదే. ఆఫీసుకు రోజూ వెళ్లివచ్చే పది పదిహేను కిలోమీటర్లయినా మంచివే, ప్రతిసారీ వేడెక్కి పూర్తిగా చల్లారుతుంది కాబట్టి. ఒక్క మేడారం జాతర రద్దీలోకి మాత్రం కొత్త బండిని తీసుకెళ్లకండి. తాడ్వాయి దారిలో గంటల తరబడి మొదటి గేరులో, దుమ్ములో, పక్కన బస్సుల వేడిలో పాకడం కంటే దానికి పెద్ద శిక్ష లేదు.

కొండగట్టు ప్రయాణం గురించి. వెళ్లిరండి, అడ్డేమీ లేదు. కాకపోతే ఈలోగా రెండు మూడు వందల కిలోమీటర్లు ఒంటరిగా తిరగండి. హనుమకొండ నుంచి కరీంనగర్ డెబ్భై కిలోమీటర్ల వరకు, అక్కడి నుంచి గంగాధర మీదుగా కొండగట్టు ఇంకో ముప్పై అయిదు. హుజూరాబాద్‌లో ఒకసారి, కరీంనగర్‌లో ఒకసారి ఆగి టీ తాగండి. మీకోసం కాకపోయినా ఇంజన్ కోసం. ఇద్దరు కూర్చున్నప్పుడు గేరు ఒకటి తగ్గించి నడపడం మంచిది. గుట్ట మీదికి ఎక్కేటప్పుడు మూడో గేరులో ఈడ్చవద్దు, ముందే రెండు వేయండి. దిగేటప్పుడూ అదే గేరు, బ్రేకుల మీదే భారం వేయకుండా. ఎండాకాలమైతే తెల్లవారుజామునే బయలుదేరండి. నిమ్మకాయలు తొక్కించండి, కొబ్బరికాయ కొట్టండి, దండ వేయండి. ఆ కార్యక్రమమంతా ఇంజన్ ఆపి చేసుకోండి. ఫొటోలు దిగేంతసేపూ స్లోలో తిప్పుతూ ఉంచడం ఏ దేవుడూ అడగలేదు. దండ హెడ్‌లైటు మీద ఉంటే పర్వాలేదు, ఇంజన్ రెక్కల మీద వేలాడదీస్తే గాలి ఆగుతుంది.

ఆయిల్ దగ్గర కొంచెం ఆగాలి. రింగులు కుదరడం ఎంత ముఖ్యమో, ఆ కుదిరే క్రమంలో రాలిన లోహపు పొడిని బయటికి తీయడం అంత ముఖ్యం. మొదటి సర్వీసులో కింద డ్రెయిన్ బోల్టు విప్పేటప్పుడు దగ్గరే నిలబడండి. పారే ఆయిల్‌ను ట్రేలో ఎండకు పట్టి కదిలిస్తే బంగారు రజను కలిపినట్టు మెరుస్తుంది. వేలికి రాసుకుంటే గరుకు తగలదు, అంత మెత్తటి పొడి అది. బోల్టు చివర అయస్కాంతం ఉన్న బండ్లలో బూడిద రంగు ముద్ద ఒకటి అంటుకుని ఉంటుంది. అది చూసి గాభరాపడకండి, ప్రతి కొత్త ఇంజన్‌లోనూ ఉండేదే. కంటికి విడిగా కనిపించే రేకుల్లాంటి ముక్కలు, గోరుకు తగిలే పెళ్లలు వస్తే మాత్రం అప్పుడే సర్వీసు అడ్వైజరుకు చూపించి, ఫోనులో ఫొటో తీసుకోండి.

మొదటి సర్వీసు చాలా బైకులకు 500 నుంచి 1000 కిలోమీటర్ల మధ్య ఉంటుంది, కచ్చితమైన అంకె మీ సర్వీసు పుస్తకంలో చూసుకోండి. కిలోమీటర్లతో పాటు రోజుల గడువు కూడా ఉంటుంది, ఏది ముందైతే అది. బండి తక్కువ తిరిగిందని గడువు దాటనిస్తే వారంటీ మాట వచ్చినప్పుడు ఇబ్బంది. కొందరు మూడు వందలకే సొంతంగా ఒకసారి ఆయిల్ మారుస్తారు. తప్పనిసరి కాదు, కానీ నేను సమర్థిస్తాను. మన 100, 125 సీసీ బండ్లు చాలావాటిలో కాగితపు ఫిల్టరు ఉండదు. జల్లెడ లాంటి జాలీ ఒకటి, కొన్నింట్లో క్రాంకు చివర తిరుగుతూ మురికిని అంచుకు విసిరే కప్పు ఒకటి ఉంటాయి, అంతే. పట్టేది సుమారు లీటరు ఆయిల్. ఆ ఖర్చుకు లోపలి రజను ముందే పోతుందంటే చవకే. అలా మార్చినా కంపెనీ సర్వీసు మానవద్దు, బిల్లు దాచండి.

ఏ ఆయిల్ పోయాలన్నదానికి మాన్యువల్‌లో ఉన్నదే జవాబు. చిక్కదనం గుర్తు 10డబ్ల్యూ-30 అని ఉంటే అదే. 'చిక్కగా ఉంటే ఇంజన్‌కు బలం' అని ఇంకా చిక్కటి 20డబ్ల్యూ-50 పోసేవారి మాట వినకండి, సన్నటి దారులున్న ఇంజన్‌లో చల్లటి పొద్దున అది పైకి చేరడానికి ఆలస్యమవుతుంది. డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 (బైకు క్లచ్‌కు సరిపడే ఆయిల్ అన్న గుర్తు) అని ఉండాలి. గేరు బైకుల్లో క్లచ్ ప్లేట్లు ఇదే ఆయిల్‌లో మునిగి ఉంటాయి. కారుకు పోసే కొన్ని ఆయిళ్లలో జారుడు పెంచే మందులుంటాయి, వాటితో క్లచ్ జారి, ఇంజన్ అరుస్తుంది కానీ బండి కదలదు. సింథటిక్ ఆయిల్ పోస్తే రింగులు ఎప్పటికీ కుదరవన్న ప్రచారాన్ని నేను పూర్తిగా ఒప్పుకోను. ఫ్యాక్టరీ నుంచే సింథటిక్‌తో వచ్చే ఇంజన్లు ఉన్నాయి, వాటి హోనింగ్ అందుకు తగ్గట్టే ఉంటుంది. మీ బండికి మామూలు ఆయిల్ చెప్పి ఉంటే మొదటి రెండు మార్పులూ దాంతోనే కానివ్వండి, డబ్బూ మిగులుతుంది. ఇంజన్ ట్రీట్‌మెంట్ పేరుతో చిన్న సీసాలు అమ్ముతారే, అవి మాత్రం దగ్గరికి రానివ్వకండి. రాపిడి కావలసిన రోజుల్లో రాపిడి తగ్గించే మందు దేనికి?

ఇంజన్ ధ్యాసలో పడి టైర్లను మరిచిపోతారు. కొత్త టైరు పైపొర నున్నగా ఉండి జారుతుంది, మొదటి నూట యాభై, రెండు వందల కిలోమీటర్లు మలుపుల్లో బండిని పడుకోబెట్టకండి, వాన రోడ్డు మీద మరీ జాగ్రత్త. బ్రేకులు కూడా మొదట్లో పూర్తిగా పట్టవు. ఖాళీ రోడ్డు మీద నలభై నుంచి పది దాకా మెత్తగా తగ్గించడం కొన్నిసార్లు చేస్తే ప్యాడ్లు డిస్కుకు కుదురుతాయి. చైను మొదటి నాలుగైదు వందల కిలోమీటర్లలోనే వదులవుతుంది, సర్వీసు దాకా ఆగకుండా ఒకసారి బిగింపు చూపించండి.

ట్రాక్టరు కొన్నవారూ నన్ను ఇదే అడుగుతుంటారు కాబట్టి ఒక మాట. డీజిల్ ఇంజన్‌కు తక్కువ బరువు మీద ఎక్కువ సేపు తిరగడం పెట్రోలు ఇంజన్ కంటే చెడ్డది, గ్లేజింగ్ తొందరగా వస్తుంది. కొత్త ట్రాక్టరును కల్లంలో నిలబెట్టి పొద్దంతా తిప్పడం, ఖాళీ ట్రాలీతో ఎనుమాముల మార్కెట్‌కు వెళ్లిరావడం వల్ల ఇంజన్ కుదరదు. అలాగని షోరూమ్ నుంచి తెచ్చిన మర్నాడే కేజ్ వీల్స్ (బురద పొలానికి వాడే ఇనుప చక్రాలు) బిగించి, రెండు షిఫ్టుల్లో దమ్ము చేయించడమూ వద్దు. నాట్ల సీజనులో ఆ తొందర నాకు తెలుసు, కిస్తీలు కట్టాలి, పక్కవాళ్లు పొలం తడిపి ఎదురుచూస్తుంటారు. కనీసం సీజనుకు నెల ముందు కొని, మధ్యస్థమైన బరువుతో ట్రాలీ లాగించండి, పొడి దుక్కిలో కల్టివేటర్ వేయించండి, ఇంజన్ వేగం మారుస్తూ ఉండమని డ్రైవరుకు చెప్పండి. మొదటి సర్వీసు చాలా ట్రాక్టర్లకు 50 గంటలకే ఉంటుంది. ఆ గంటల మీటరును ఎవరూ చూడరు, సీజను మధ్యలో అది ఎప్పుడో దాటిపోయి ఉంటుంది.

బోరు చేయించిన పాత ఇంజన్‌కు నేను చెప్పినదంతా ఇంకాస్త గట్టిగా వర్తిస్తుంది. మా దగ్గర పెట్టే గీతలు ఫ్యాక్టరీవాటంత చదునుగా ఉండవు, రజను ఎక్కువ రాలుతుంది. కట్టిన వెంటనే ఆయిల్ లీకులు, శబ్దం చూసుకుని రోడ్డు మీదికి తీసుకెళ్లాలి. ఇరవై నిమిషాలు గేర్లు మారుస్తూ నడిపి, పూర్తిగా చల్లార్చి, ట్యాపెట్లు (వాల్వుల దగ్గరి ఖాళీ) చూడాలి. ఆయిల్ రెండు మూడు వందల కిలోమీటర్లకే మార్చేయాలి. కార్లకు సూత్రం ఇదే, కారును ఒకే వేగంలో ఉంచే క్రూయిజ్ కంట్రోల్ మాత్రం వెయ్యి కిలోమీటర్లు దాటేదాకా వాడకండి. ఎలక్ట్రిక్ స్కూటరుకు ఈ బాధేమీ లేదు, టైర్లూ బ్రేకులూ తప్ప.

చివరగా, మొదటి సర్వీసు అయ్యాక మీరు గమనించాల్సింది. కొత్త ఇంజన్ మొదట్లో కొద్దిగా ఆయిల్ తాగడం, మైలేజీ తక్కువ ఇవ్వడం మామూలే. రెండు మూడు వేల కిలోమీటర్ల దాకా మైలేజీ మెల్లగా పెరుగుతూ ఉంటుంది, మొదటి ట్యాంకు చూసి షోరూమ్‌తో గొడవకు దిగకండి. ఆయిల్ మట్టం మాత్రం రెండు వారాలకోసారి చూడండి. బండిని మెయిన్ స్టాండు మీద చదునైన చోట నిలపండి. కాసేపు తిప్పి ఆపి, రెండు మూడు నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం కొలిచే పుల్ల) తుడిచి పెట్టి తీయండి. మీ బండికి దాన్ని మర బిగించి చూడాలా, ఊరికే ఆనించి చూడాలా అన్నది మాన్యువల్‌లో ఉంటుంది. తప్పుగా చూస్తే మట్టం తేడాగా కనిపిస్తుంది. సర్వీసు అయిన రోజు మట్టాన్ని, ఓడోమీటరుతో సహా ఫొటో తీసి ఉంచుకోండి. వెయ్యి దాటాక కూడా మట్టం పై గీత నుంచి కింది గీతకు గబగబా దిగుతుంటే, లేదా పొద్దున స్టార్ట్ చేసినప్పుడు నీలి పొగ వస్తుంటే బయటి మెకానిక్‌తో మూత విప్పించవద్దు, నాతో అయినా సరే. ఆ ఫొటోలు, బిల్లులు పట్టుకుని నేరుగా కంపెనీ సర్వీసు సెంటరుకు వెళ్లి, జాబ్ కార్డులో ఫిర్యాదు మీ మాటల్లోనే రాయించి, దాని కాపీ తీసుకోండి.